ఐదో కారణానికి చోటు

దసరాకు ఆయుధపూజ నాడు కర్మాగారాల్లో యంత్రాలు ఆగుతాయి. లేతుకు పసుపు కుంకుమ పెడతారు, డ్రిల్లింగ్ మిషనుకు బంతిపూల దండ వేస్తారు, గేటు ముందు గుమ్మడికాయ కొడతారు. బాలానగర్‌లో అయినా, బెజవాడ ఆటోనగర్‌లో అయినా, దేవుణ్ణి పెద్దగా పట్టించుకోని యజమాని కూడా ఆ పూట చేతులు జోడిస్తాడు. పండగ వెళ్లాక ప్లానింగ్ సెక్షన్ నుంచి వచ్చే షెడ్యూలు చూడండి. ఏ యంత్రం ముందూ నిమిషం ఖాళీ ఉండదు. కరెంటు పోదు, బేరింగు అరగదు, స్టోర్స్‌లో సరుకు తక్కువ పడదు, ఫిట్టరుకు జ్వరం రాదు అన్నంత ధీమా ఆ కాగితంలో కనిపిస్తుంది. పండగనాడు దండం అందుకున్న దైవానికి అందులో ఒక్క గడి కూడా మిగల్లేదు. దైవానికి దండం పెట్టడం వేరు, చోటు పెట్టడం వేరు. మొదటిది సంవత్సరానికి ఒకసారి చేసినా సరిపోతుంది. రెండోది ప్రతి షిఫ్టులోనూ చేయవలసిన సాధన.

ఏ పని ఏ యంత్రం మీద ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో ముందే నిర్ణయించడం పైకి కనిపించేంత చిన్న విద్య కాదు. 1963లో ఫిషర్, థామ్సన్ అనే ఇద్దరు ఒక లెక్క ఇచ్చారు. 10 పనులు, 10 యంత్రాలు. ప్రతి పనీ తనదైన వరసలో అన్ని యంత్రాల మీదికీ వెళ్లాలి. ఎక్కడ ఎంతసేపు పడుతుందో ముందే తెలుసు. యంత్రం చెడదు, మనిషి మానడు, ఆర్డరు మారదు. మొత్తం ఎంత తొందరగా ముగించవచ్చు? ఒక్కో యంత్రం ముందు పది పనులను ఎన్ని వరసల్లో నిలబెట్టవచ్చో లెక్కవేసి, పది యంత్రాలకూ కలిపి చూస్తే 66 అంకెల సంఖ్య వస్తుంది. ఆ లెక్కకు జవాబు 930 అనీ, అంతకన్నా తగ్గదనీ కార్లియే, పిన్సన్ అనే ఫ్రెంచి పరిశోధకులు నిరూపించేసరికి 1989 వచ్చింది. ఏ ఆటంకమూ లేని ఊహాలోకంలో, పది యంత్రాల చిన్న షెడ్డు గుట్టు విప్పడానికి మనిషి బుద్ధికి 26 ఏళ్లు పట్టింది. ఇక ఆటంకమే నిత్యకృత్యమైన లోకంలో మన షెడ్యూలు అక్షరాలా జరగాలని పట్టుబట్టడం ఏ ధైర్యంతో?

కర్మ అనగానే మనం గీతలో రెండో అధ్యాయం తెరుస్తాం. ఫలం మీద అధికారం లేదన్న మాట అందరికీ కంఠస్థం. షాపు ఫ్లోరు మీద నిలబడే మనిషికి మాత్రం పద్దెనిమిదో అధ్యాయం ఇంకా దగ్గరి చుట్టం. అక్కడ 14వ శ్లోకంలో కృష్ణుడు ఏ కర్మ నెరవేరాలన్నా కావలసిన కారణాలను వేళ్ల మీద లెక్కపెడతాడు. పని జరిగే అధిష్ఠానం ఒకటి. చేసే కర్త రెండు. రకరకాల కరణాలు మూడు. వేర్వేరు చేష్టలు నాలుగు. దైవం అయిదు. షెడ్డు, కార్మికుడు, యంత్రాలు, వాటి మీద సాగే ఆపరేషన్లు అని మొదటి నాలుగింటినీ ప్లానింగ్ సెక్షన్ గుర్తుపడుతుంది. వాటి వివరాలన్నీ దాని రిజిస్టర్లలో ఉన్నాయి. అయిదోదానికే పేజీ లేదు.

భాష్యకారులు ఈ అయిదింటినీ లోపలికి తిప్పి చూశారు. శంకరులకు అధిష్ఠానం అంటే ఈ శరీరం. కరణాలు పన్నెండు: జ్ఞానేంద్రియాలు అయిదు, కర్మేంద్రియాలు అయిదు, మనసు, బుద్ధి. చేష్టలు ప్రాణాపానాది వాయువుల కదలికలు. దైవం అంటే కంటికి ఆదిత్యుడిలా ఒక్కో ఇంద్రియాన్నీ అనుగ్రహించే దేవత. రామానుజులు అయిదోది అంతర్యామి అయిన పరమాత్మే అన్నారు. సిద్ధాంతాలు వేరైనా ఒక విషయంలో ఇద్దరికీ భేదం లేదు. దైవాన్ని కర్మకు బయటి నుంచి వచ్చి పడే విఘ్నంగా ఇద్దరూ చూడలేదు. పనిని నడిపించే కారణాల్లో ఒకటిగానే చూశారు. తరవాతి శ్లోకం, చేసింది న్యాయమైనా కాకపోయినా హేతువులు ఈ అయిదే అని ఖాయం చేస్తుంది.

ఇందులో మనం తరచూ జారవిడిచే అర్థం ఒకటుంది. మోటారు కాలిపోయిన రోజునే మనం దైవం పేరెత్తుతాం. మోటారు ఏ చప్పుడూ లేకుండా నడిచిన మూడు వందల రోజులూ ఆ అయిదో కారణం ఎక్కడుంది? అప్పుడూ అక్కడే ఉంది. అది అనుకూలంగా ఉన్నన్నాళ్లూ దాని వాటాను మన సామర్థ్యం ఖాతాలో జమ వేసుకున్నాం. ప్రతికూలమైన రోజున మాత్రం ఖర్చు దాని ఖాతాలో రాశాం. ఇన్ని కారణాలుండగా తానొక్కడే కర్తనని చూసేవాడు సరిగా చూడడం లేదని 16వ శ్లోకం చెప్పేది ఈ తప్పుడు పద్దు గురించే. నిమిషం సందు లేకుండా నింపిన షెడ్యూలు ఆ తప్పుచూపు కాగితం మీద పడిన ఆకారం.

సందు వదలడం భక్తుల సెంటిమెంటేమీ కాదు, గణితమే అడిగే కట్నం. ఒక యంత్రం ముందు పనులు ఎప్పుడు వచ్చి పడతాయో తెలియదు, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో కూడా తెలియదు అనుకుందాం. వరసల శాస్త్రంలోని మామూలు లెక్క ప్రకారం యంత్రానికి సగం లోడు ఉంటే, పని చేయించుకోవడానికి ఎంతసేపు పడుతుందో సుమారుగా అంతసేపే వరసలో నిలబడాలి. లోడు 80 శాతమైతే నిరీక్షణ నాలుగు రెట్లు, 90 అయితే తొమ్మిది రెట్లు, 95 అయితే పంతొమ్మిది రెట్లు. నూరుకు చేరితే వరసకు అంతే ఉండదు. 1961లో జాన్ కింగ్‌మన్ ఈ నిరీక్షణకు ఒక సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం నిరీక్షణ అంటే సుమారుగా మూడు అంశాల గుణకారం: యంత్రం మీద లోడును బట్టి పెరిగే రెట్లు, పనికి పట్టే సగటు కాలం, రాకల్లోనూ పనుల్లోనూ ఉండే ఒడిదొడుకు. ఆ ఒడిదొడుకు సున్నా అయితే గుణకారమంతా సున్నా. అప్పుడు యంత్రాన్ని అంచుదాకా నింపినా ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. అంటే నూరు శాతం లోడు అయిదో కారణం లేని లోకంలోనే చెల్లుతుంది. మన లోకంలో నిండుదనం పెరిగేకొద్దీ ఆలస్యం పెరుగుతుంది.

గృహస్థు దినచర్యను ఈ సూత్రం ముందు నిలబెట్టి చూడండి. తెల్లవారుజామున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా గంటకో పని, పనికో గడువు. తండ్రికి మోకాలి నొప్పి వచ్చినా, పక్కింటాయన సాయం అడిగినా, పిల్ల ఏడుస్తూ బడి నుంచి వచ్చినా, దాన్ని ఆటంకం అనే పేరుతోనే పిలవాల్సిన స్థితి. ధర్మం ముందుగా చెప్పి రాదు. అతిథి అంటే తిథి చూసుకుని రానివాడని మన పెద్దలు చెప్పుకునేది ఇందుకే. ఖాళీ లేని మనిషి చెడ్డవాడు కాకపోవచ్చు. ధర్మం తలుపు తట్టిన వేళకు అతను ఇంట్లో ఉండడు, అంతే.

మరి ఖాళీ ఎక్కడ ఉంచాలి? ఈ ప్రశ్నకు పరిశ్రమల చరిత్రలో గట్టి పాఠం ఒకటి ఉంది. జపాన్‌లో టొయోటా సంస్థ సరుకు నిల్వలను అరిగించి అరిగించి, కావలసిన భాగం కావలసిన వేళకే వచ్చే పద్ధతికి పేరుపొందింది. 1997 ఫిబ్రవరి 1, శనివారం తెల్లవారుజామున ఐచి రాష్ట్రంలోని కరియాలో ఐసిన్ సేకి అనే అనుబంధ సంస్థ కర్మాగారం కాలిపోయింది. అక్కడ తయారయ్యేది బ్రేకు ద్రవం ఒత్తిడిని సరిచేసే చిన్న వాల్వు. టొయోటా బళ్లకు ఆ వాల్వు దాదాపు అంతా అక్కడి నుంచే రావాలి. నిల్వ ఉన్నదేమో చాలా తక్కువ. కొద్దిరోజుల్లోనే కార్ల లైన్లు వరసగా ఆగిపోయాయి.

లెక్క ప్రకారం నెలలు పట్టాల్సిన నష్టం అది. సుమారు 200 సంస్థలు కదిలాయి. నక్షాలు చేతులు మారాయి. కుట్టుమిషన్లకు పేరుపడ్డ బ్రదర్ సంస్థ కూడా తన యంత్రాలను ఆ వాల్వు తయారీకి మళ్లించింది. ధర ఎంత, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి అనే బేరం ముందుగా ఎవరూ పెట్టుకోలేదు. మంటలు చెలరేగిన కొద్దిరోజులకే మొదటి వాల్వులు అందాయి. వారం దాటేసరికి లైన్లు మళ్లీ నడిచాయి. గోదాములో లేని ఖాళీ మనుషుల్లో ఉంది. ఏళ్ల తరబడి ఒకరి పని ఒకరికి తెలిసి ఉండటంలో, అవతలివాడి కష్టం తన ఫ్యాక్టరీ దాకా వస్తుందనే ఎరుకలో ఉంది. సరుకు రూపంలో నిల్వ చేయనిది సంబంధం రూపంలో నిల్వ అయింది.

అలాగని నిల్వలు అక్కర్లేదని ఆ సంస్థ తీర్మానించలేదు. 2011 మార్చి 11 నాటి భూకంపం తరవాత, మళ్లీ తయారై రావడానికి నెలలు పట్టే ఎలక్ట్రానిక్ చిప్పుల వంటివాటికి సరఫరాదారుల దగ్గర నెలల తరబడి సరిపోయే నిల్వ ఉంచే ఏర్పాటు చేసుకుంది. 2021లో చిప్పుల కరువు వచ్చినప్పుడు పోటీ సంస్థల కంటే ఎక్కువ కాలం తట్టుకోగలిగింది, చివరికి తానూ ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చినా. ఇందులోని వివేకం సాధకుడికీ పనికొస్తుంది. పోతే త్వరగా తెచ్చుకోగలిగేదాన్ని దాచిపెట్టుకోనక్కర్లేదు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. ఆరోగ్యం, నమ్మకం, మనశ్శాంతి మాత్రం కరువొచ్చిన రోజున ఆర్డరు పెడితే దిగుమతి కావు. వాటిని మంచిరోజుల్లోనే పోగుచేయాలి. తపస్సు అనే మాటకు గృహస్థు ఇచ్చుకోగల అర్థాల్లో ఇదొకటి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావాలి, వస్తుంది. దైవానికి చోటు అనే పేరుతో సోమరితనానికి పీట వేస్తున్నామా? మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి ఇదే అడిగాడు, దైవం గొప్పదా పురుషకారం గొప్పదా అని. భీష్ముడు వసిష్ఠుడికీ బ్రహ్మకీ నడిచిన సంభాషణ చెప్పాడు. అందులో పురుషకారం పొలం, దైవం విత్తనం. దున్నని నేలలో ఎంత మేలైన విత్తనమూ మొలవదు. ఈ తూకాన్ని వర్క్‌షాపు భాషలో చెప్పుకోవాలంటే, గ్రీజు పెట్టని బేరింగు విరిగితే ఆ ఖర్చును దైవం ఖాతాలో రాయడం దైవదూషణ. నూనె మార్చే తేదీ తెలుసు, మార్చలేదు. సరఫరాదారు ప్రతి నెలా ఆలస్యం చేస్తాడని తెలుసు, షెడ్యూలు మార్చలేదు. అలాంటివి నాలుగో కారణంలోని లోపాలు, అయిదోదానికి వాటితో సంబంధం లేదు. తెలిసినదాన్ని పూర్తిగా చేశాక మిగిలే తెలియనిదే దైవం వాటా. చేయవలసింది చేయకుండా వదిలిన ఖాళీ బీడు భూమి. చేయవలసింది చేసి వదిలిన ఖాళీ నైవేద్యం.

ఆటంకం వచ్చింది సరే, వెంటనే ఏం చేయాలి? ఇక్కడే మనసు పరీక్షకు నిలబడుతుంది. కర్మాగారాల ప్లానింగులో ఒక జబ్బుంది, దాన్ని ఆ రంగంవాళ్లు నెర్వస్‌నెస్ అనే పిలుస్తారు. పైన ఒక ఆర్డరు తేదీ ఒక రోజు జరిపితే కింద ఉపభాగాల షెడ్యూళ్లన్నీ కదులుతాయి. కొన్ని ముందుకు, కొన్ని వెనక్కు. సాయంత్రం ఇంకో చిన్న మార్పు, మళ్లీ అన్నీ తిరగబడతాయి. చివరకు ఫోర్‌మన్ ఏ కాగితాన్నీ నమ్మడం మానేస్తాడు. దీనికి మందుగా రాబోయే కొన్ని రోజుల షెడ్యూలును గడ్డకట్టిస్తారు. ఆ రోజుల లోపల ఇక మార్పు లేదు, పెద్ద ప్రమాదం వస్తే తప్ప. మన పెద్దలు వ్రతం అనే కట్టుబాటుతో మనసుకు చేసిందీ ఇదే. మండలం రోజులు దీక్ష పట్టినవాడు రోజూ పొద్దున లేచి ఈ దీక్ష అవసరమా అని కొత్తగా విచారించడు. ఆ విచారణకు వేరే కాలముంది.

అమెరికన్ గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ తన పాఠాల్లో ఒక గరాటు ప్రయోగం చూపేవాడు. బల్ల మీద ఒక గుర్తు, దాని మీదుగా గరాటు, అందులోంచి గోళీ. గోళీ గుర్తు చుట్టూ అటూ ఇటూ పడుతుంది. గరాటును కదపకుండా ఉంచడం ఒక పద్ధతి. గోళీ ఎంత పక్కకు పడితే గరాటును అంత ఎదురు దిక్కుకు జరపడం రెండో పద్ధతి. రెండోదే బాధ్యత గలవాడి పని అనిపిస్తుంది. ఫలితం తలకిందులు: గణితం కొలిచే చెదరుపాటు రెండింతలవుతుంది. వ్యవస్థలో సహజంగా ఉండే ఊగిసలాటను ఒక్కో తప్పుగా భావించి దిద్దబోయినవాడు తప్పును పెంచుతాడు. అందుకే వాల్టర్ షూహార్ట్ 1924లో నియంత్రణ పటం గీసి, ఎప్పుడూ ఉండే ఊగిసలాటనూ కొత్తగా వచ్చిపడిన కారణాన్నీ వేరుచేసే గీతలు పెట్టాడు. గీతల లోపల చలించవద్దు, గీత దాటితే ఆలస్యం చేయవద్దు. మనం సమత్వం అంటే చలనం లేకపోవడమనీ, వివేకం అంటే వెంటనే స్పందించడమనీ విడగొట్టుకుంటాం. ఆ పటం మీద రెండూ ఒకటే గీత. ఏది పట్టించుకోవాలో తెలిసినవాడికే మిగతాదాన్ని వదిలే స్థిమితం ఉంటుంది.

ఈ ఆలోచనలన్నీ యంత్రయుగంలో పుట్టినవి కావు. మన దేశంలో వందల ఆపరేషన్లతో, కచ్చితమైన వరసతో, అనేకమంది చేతుల మీదుగా నడిచిన తొలి కార్యక్రమాల్లో ఒకటి యజ్ఞం. దానిలో హోత ఋక్కులు చెబుతాడు, అధ్వర్యువు చేతిపని నడుపుతాడు, ఉద్గాత సామం పాడతాడు. నాలుగోవాడు బ్రహ్మ. అతను దక్షిణం వైపు కూర్చుని మౌనంగా ఉంటాడు. మంత్రం ఎక్కడైనా తప్పిందా, క్రియ ఎక్కడైనా జారిందా అని మనసుతో యజ్ఞమంతా గమనిస్తూ ఉంటాడు. ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయం చివర, యజ్ఞానికి వాక్కు, మనసు అని రెండు దారులని చెబుతుంది. ఆ ముగ్గురూ వాక్కుతో ఒక దారిని సాగిస్తే బ్రహ్మ మనసుతో రెండోదాన్ని సాగిస్తాడు. అతను మధ్యలో మౌనం విడిచి మాట్లాడితే ఒంటి చక్రం బండిలా యజ్ఞం కుంటుపడుతుందట.

లోపం జరిగితే ఏం చేయాలో కూడా అక్కడే ఉంది. ఋక్కులో లోపమైతే గార్హపత్యంలో, యజుస్సులో అయితే దక్షిణాగ్నిలో, సామంలో అయితే ఆహవనీయంలో ఒక్కో వ్యాహృతితో హోమం. ఏ లోపానికి ఏ అగ్నిలో మందో ముందే నిర్ణయమై ఉంది. ఒక లోహాన్ని ఇంకోదానితో అతికినట్టు యజ్ఞంలోని విరుపును అతుకుతాడని, అలాంటి బ్రహ్మ ఉన్న యజ్ఞం వైద్యం పొందినదని ఉపనిషత్తు మాట. తెలుగునాట వైదికులు ఎక్కువగా పాటించే ఆపస్తంబ శ్రౌతసూత్రంలో తొమ్మిదో ప్రశ్న ప్రాయశ్చిత్తాలకే కేటాయించారు. ఋషులు యజ్ఞం తప్పకుండా జరుగుతుందని నమ్మినవాళ్లే. యజ్ఞంలో తప్పు జరుగుతుందనీ అంతే నమ్మకంగా ఏర్పాట్లు చేసుకున్నారు. ఆ రెండు నమ్మకాలూ ఒకదాన్నొకటి కొట్టుకోలేదు. మన ఇళ్లలో పూజ చివర మంత్రలోపం, క్రియాలోపం ఉంటే మన్నించమని చేసే ప్రార్థన కూడా ఆ ఏర్పాటుకు చిన్న రూపమే. తప్పు జరిగిందో లేదో చూసి చెప్పే ప్రార్థన కాదది. ప్రతిసారీ చెప్పవలసింది.

అంతరార్థం ఇక్కడే పూర్తవుతుంది. మనలోనూ ముగ్గురు ఋత్విజులు పగలంతా పనిలో ఉన్నారు. మాట, చెయ్యి, వాటిని నడిపే ఊపిరి. నాలుగోవాడైన మనసును మనం మౌనంగా కూర్చోనివ్వం. ఆ ముగ్గురి పనిలో తలా కొంచెం దానికీ పంచుతాం. ఏదైనా తప్పినప్పుడు చూసేవాడు, అతికేవాడు ఎవరూ మిగలరు. రోజూ కాసేపు ధ్యానమో జపమో చేసేవాడు ఆ సమయంలో ఏం సాధించాడని అడిగితే జవాబు చెప్పలేకపోవచ్చు. అతను ఒకణ్ణి పనిలోంచి తప్పించి దక్షిణం వైపు కూర్చోబెట్టాడు.

ఖర్చు లెక్కలు చూసేవాళ్లు దీన్ని ఒప్పుకోరు. పని లేకుండా నిలబడ్డ యంత్రం, సరిపోగా మిగిలిన గంట, వాడని నిల్వ వారికి నష్టంగానే కనిపిస్తాయి. ఈ అభ్యంతరం కూడా పాతదే. ఋక్కు చెప్పినందుకు హోతకు, చేతులాడించినందుకు అధ్వర్యువుకు, పాడినందుకు ఉద్గాతకు దక్షిణ ఇవ్వడం సరే, బ్రహ్మకు దేనికి ఇస్తున్నట్టని ఐతరేయ బ్రాహ్మణం తనే ప్రశ్న వేసుకుంటుంది. అతను యజ్ఞానికి వైద్యుడు, ఆ వైద్యానికే ఈ దక్షిణ అని తనే జవాబిస్తుంది. ఏ లోపమూ జరగని యజ్ఞంలో కూడా బ్రహ్మను తప్పించరు, దక్షిణ తగ్గించరు. మన షెడ్యూల్లో, మన దినచర్యలో, మన మనసులో అయిదో కారణానికని వదిలిన చోటు పరీక్షకు నిలబడేది బ్రేక్‌డౌన్ వచ్చిన రోజున కాదు. ఏ ఆటంకమూ రాని రోజున, ఇంకో ఆర్డరు ఇరికిద్దామని చెయ్యి ఆ గడి మీదికి వెళ్తుందే, అప్పుడు. ఆ గడి దక్షిణగా ఇచ్చేసింది, తిరిగి తీసుకునే హక్కు కర్తకు లేదు.